గొర్రె ధరకు ఫుల్ ఫార్వర్డ్

మెర్విన్ హాలిహన్ చేతికి మైకు ఇవ్వకుండా ఉండాల్సింది. ఆ మాట తర్వాత ఊరంతా అంది గానీ, ఆ శనివారం సాయంత్రం మాత్రం ఇచ్చినవాళ్ళూ ఊరివాళ్ళే.

గరిండల్ ఫుట్‌బాల్ జట్టు ఇరవై ఏడేళ్ల తర్వాత ఫైనల్‌కి చేరింది. క్లబ్బు హాల్లో తడి బూట్ల వాసన, బీరు వాసన, వేపుతున్న సాసేజీల వాసన కలిసిపోయి ఉన్నాయి. వంటగది కిటికీ వెనకాల నోరీన్ టక్‌వెల్ పటకారుతో సాసేజీలు తిప్పుతూ నిలబడింది. ఆమె క్లబ్బు కార్యదర్శి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా కార్యదర్శి. ఉత్తరాలు రాసేది, జట్టు జాబితాలు పంపేది, గురువారం ప్రాక్టీసు అయ్యాక అరవై మందికి వండేది కూడా ఆవిడే.

క్లబ్బు అధ్యక్షుడైన మెర్విన్‌కి గోధుమ పొలాలు పన్నెండొందల ఎకరాలు, గొంతు దానికి తగ్గట్టే ఉంటుంది. మైకు అవసరం లేని మనిషి మైకు పట్టుకున్నాడు.

"ఈ బ్రోడీ గాడు మన దగ్గర ఎందుకున్నాడనుకుంటున్నారు? మనమిచ్చే డబ్బుకా? వీడికి ఇంతకు రెట్టింపు ఇస్తామన్న క్లబ్బులు నాలుగున్నాయి!" అన్నాడు. పక్కనే నిలబడ్డ బ్రోడీ స్ట్రూడ్ భుజం తట్టడానికి చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. బ్రోడీ ఆరున్నర అడుగులుంటాడు. గోల్ ముందు నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ నలుగురి తలల మీంచి అందుకుని గోల్ కొట్టడమే ఫుల్ ఫార్వర్డ్‌గా అతని పని. "వీడు నోరీన్ వంట కోసం ఉన్నాడు! వాళ్ళింట్లోనే ఉంచుకుంది, పెడుతోంది, ఉతుకుతోంది, ఇస్త్రీ చేస్తోంది. బయట కొనుక్కుంటే వారానికి మూడొందల డాలర్ల భోగం. ఒక్క సెంటు పుచ్చుకోదు! నోరీన్, ఎక్కడున్నావమ్మా? చప్పట్లు కొట్టండర్రా!"

హాలు దద్దరిల్లింది. నోరీన్ చెంపలు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆమె పేరు మైకులో వినబడటం అదే మొదటిసారి, ఒకసారి ఆమె కారు లైట్లు ఆపడం మర్చిపోయినప్పుడు తప్ప. ఆమె పటకారు పైకెత్తి ఊపింది. ఒక సాసేజీ నేల మీద పడింది.

ఎవరూ గమనించని సంగతి ఒకటి జరిగింది. గెలిచినవాళ్ళకి మాంసం ఇచ్చే లాటరీ బల్ల దగ్గర బెరిల్ క్రాడాక్ నిలబడి ఉంది. ఆమె వైరాబంగ్ క్లబ్బు కార్యదర్శి. వచ్చే శనివారం ఫైనల్లో గరిండల్‌తో తలపడేది వైరాబంగే. బెరిల్ తన లాటరీ టికెట్టు వెనక ఏదో రాసుకుని, చక్కగా మడిచి, బ్యాగులో పెట్టుకుంది.

సోమవారం పదకొండింటికల్లా లీగు నుంచి ఉత్తరం వచ్చింది.

నోరీన్ దాన్ని రెండుసార్లు చదివింది. ఆటగాళ్ల మీద ఏ క్లబ్బైనా సీజనుకి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని లీగు గీసిన గీత ఒకటుంది. డబ్బే కానక్కర్లేదు. క్లబ్బు తరఫున ఎవరేమిచ్చినా ఆ గీత లోపలికే వస్తుంది, అద్దె, పెట్రోలు, చివరికి కోడిగుడ్లు కూడా. గీత దాటితే ఫైనల్ లేదు. నోరీన్ క్లబ్బు కార్యదర్శి కాబట్టి ఆమె పెట్టిన బంగాళాదుంపలు క్లబ్బు పెట్టిన బంగాళాదుంపలే. ఇరవై రెండు వారాల తిండి, పడక, ఉతుకుడు విలువ కట్టడానికి బుధవారం అధికారి వస్తున్నారని ఉత్తరంలో ఉంది. గీతకీ క్లబ్బుకీ మధ్య ఇంకా ఎంత ఖాళీ ఉందో నోరీన్‌కి తెలుసు. ఆ పుస్తకం రాసేది ఆమే. అరవై డాలర్లు.

మధ్యాహ్నం కమిటీ అంతా ఆమె వంటింటి బల్ల చుట్టూ చేరింది. ఎక్కడ చేరినా వాళ్ళకి తినడానికి ఏదో ఒకటి ఉండాలి గనక, ఆమె పొద్దున్నే ఖర్జూరం కేకు ముక్కలు చేసి పెట్టింది.

"నోరీన్, దారి ఒక్కటే ఉంది," అన్నాడు మెర్విన్, మూడో ముక్క నోట్లో పెట్టుకుంటూ. "నీ వంటకి విలువ లేదని తేలాలి."

"లేదని అంటే?"

"అంటే... అరవై డాలర్ల లోపు. ఇరవై రెండు వారాలకీ కలిపి."

"వారానికి రెండు డాలర్ల డెబ్భై సెంట్లు," అంది నోరీన్. లెక్కలు ఆమెకి వెంటనే వచ్చేస్తాయి.

"చూశావా, నీకే తెలుసు," అన్నాడు మెర్విన్ తృప్తిగా. "నువ్వు అసలు బాధపడకు. ఊళ్ళో అందరిచేతా రాయిస్తాం. నోరీన్ వంట నోట్లో పెట్టుకోలేం అని. సంతకాలతో. ఇవి ఇంకా ఉన్నాయా?"

నోరీన్ లేచి ఇంకో పళ్ళెం తెచ్చింది.

ఆమెకీ ఆ ఫైనల్ కావాలి. అందులో అనుమానం లేదు. బ్రోడీని తేవడానికి క్లబ్బు ఎన్ని పాట్లు పడిందో ఆమెకంటే ఎవరికి తెలుసు? లీగులో ప్రతి ఆటగాడికీ పాయింట్లలో ఒక విలువ ఉంటుంది. ఊళ్ళో పుట్టి ఊళ్ళో ఆడేవాడు ఒక పాయింటు. మెల్‌బోర్న్‌లో పెద్ద క్లబ్బుకి మూడే మూడు మ్యాచులు ఆడినందుకు బ్రోడీ ఐదు పాయింట్లు. జట్టు మొత్తం విలువ కూడా ఒక అంకె దాటకూడదు గనక, ఐదు పాయింట్ల బ్రోడీకి చోటు చెయ్యడానికి రెండేసి పాయింట్ల వాళ్ళని ఇద్దరిని పక్క లీగుకి సాగనంపారు. వాళ్ళలో ఒకడు మెర్విన్ అల్లుడు. మెర్విన్ కూతురు ఏప్రిల్ నుంచి తండ్రితో మాట్లాడటం లేదు. ఇన్ని చేసుకుని, చివరికి గ్రేవీ దగ్గర దొరికిపోతే ఎలా?

మంగళవారం ఉత్తరాలు రావడం మొదలైంది. తెచ్చినవాళ్ళందరూ నవ్వుతూ, గుమ్మంలో బూట్లు తుడుచుకుని మరీ లోపలికి వచ్చారు.

మాంసం కొట్టు వాలీ ముందు వచ్చాడు. "ఇదిగో నోరీన్, బాగా రాశాను. విను. 'నేను అమ్మిన మంచి గొర్రె తొడని మిసెస్ టక్‌వెల్ ఏం చేస్తుందో చూస్తే ఆ గొర్రె మీద జాలేస్తుంది.' ఎలా ఉంది?"

"బాగుంది, వాలీ."

"మా ఆవిడ 'జాలేస్తుంది' దగ్గర ఏడ్చినంత పని చేసింది."

పోస్టాఫీసు గ్లెనిస్ వచ్చింది. స్కూలు బస్సు నడిపే రెజ్ వచ్చాడు. చర్చి పాస్టరు వచ్చి, తాను అబద్ధం రాయలేనని, అందుకే 'ఆమె కేకులు ఈ లోకానికి చెందినవి కావు' అని మాత్రమే రాశానని, దాన్ని అధికారి తనకి నచ్చినట్టు అర్థం చేసుకోవచ్చని చెప్పి, ఒక కప్పు టీ తాగి, రెండు కేకు ముక్కలు తిని వెళ్ళాడు. సాయంత్రానికి పదమూడు ఉత్తరాలయ్యాయి. నోరీన్ అన్నిటికీ రంధ్రాలు చేసి ఫైల్లో పెట్టింది. ఒక్కొక్కటి పెడుతూ మనసులో చదువుకోవద్దనుకుంది గానీ చదివేసింది.

పద్నాలుగోది భోజనానికి ముందు వచ్చింది. ఆమె భర్త డెస్మండ్ దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మిగతావన్నీ నాలుగైదు వాక్యాలు. డెస్మండ్‌ది రెండు పేజీలు.

"ఇదేంటి, డెస్? గ్రేవీ మీద తెట్టు కడుతుందని రాశావా? తొంభై రెండు నుంచీ?"

"క్లబ్బు కోసమే కదా, నోరీన్."

"'మంగళవారం చేసే చేపలో ముళ్ళు ఉంటాయని నేను ఒకసారి చెప్పాను, చెప్పినందుకు పశ్చాత్తాపపడ్డాను.' ఇది కూడా క్లబ్బు కోసమేనా?"

"నమ్మకం కుదరాలంటే వివరాలు ఉండాలన్నాడు మెర్విన్."

"మొదటి వాక్యం క్లబ్బు కోసం, డెస్. మిగతా రెండు పేజీలు ఎవరి కోసం?"

డెస్మండ్ తువ్వాలుతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. బ్రోడీ గుమ్మంలో నిలబడి, మొగుడూ పెళ్ళాల వంక మార్చి మార్చి చూసి, "మిసెస్ టక్‌వెల్, ఇవాళ మంగళవారం కదా, చేపలేనా?" అని అడిగాడు. అతను మంచి పిల్లవాడు. ఆకలి తప్ప మరో చెడ్డ గుణం లేదు.

బుధవారం పదింటికి అధికారి వచ్చాడు. లెస్లీ పెంబర్టన్. అరవై దాటిన మనిషి, ఎండకి తోలులా ఎండిన మెడ, వెనకాల ట్రైలరు. ట్రైలరు మీద గొర్రెల్ని తూచే ఇనుప బోను. నలభై ఏళ్లు పశువుల సంతలో దళారీగా ఉండి, రిటైరయ్యాక లీగు పనికి ఒప్పుకున్నవాడు. అతని వెనకే ఫిర్యాదు చేసిన హోదాలో బెరిల్ క్రాడాక్ తన కారులో వచ్చింది. నోరీన్‌ని చూసి తల ఊపింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు, ఒకరినొకరు అప్పటినుంచే సహించుకుంటున్నారు.

నోరీన్ ఉత్తరాల ఫైలు ఇచ్చింది. పెంబర్టన్ దాన్ని తెరవనే లేదు.

"అమ్మా, ఇవన్నీ మాటలు. మేత ఎంత పెట్టాననేది మంద యజమాని చెబుతాడు. ఎంత ఒంట పట్టిందనేది కాటా చెబుతుంది. నేను నలభై ఏళ్లు కాటానే నమ్మాను. కుర్రాడిని పిలవండి."

బ్రోడీ పెరట్లోకి వచ్చాడు. బోను చూసి ఆగాడు.

"ఎక్కు నాయనా. తల జాగ్రత్త."

"నిలబడాలా?"

"నిలబడితే ముల్లు ఊగుతుంది. చేతుల మీద ఆనుకో. గొర్రె ఎలా ఉంటుందో అలా."

ఆరున్నర అడుగుల మనిషి నాలుగు కాళ్ల మీద బోనులోకి దూరాడు. పెంబర్టన్ అలవాటు కొద్దీ వెనక తలుపు మోకాలితో నెట్టి గడియ పెట్టాడు. కంచె అవతల అప్పటికే కమిటీ అంతా, కమిటీ కాని సగం ఊరూ చేరింది. ముల్లు ఊగి ఊగి నిలిచింది.

"నూటతొమ్మిది," అన్నాడు పెంబర్టన్. జేబులోంచి లీగు రిజిస్టరు తీశాడు. "ఏప్రిల్లో పేరు నమోదైనప్పుడు తొంభై ఎనిమిది. పదకొండు కిలోలు పెరిగాడు. ఇంతకీ ధర ఏం వెయ్యాలి?"

"పిల్ల ధర," అంది బెరిల్ వెంటనే. "పోయిన సంతలో గొర్రెపిల్ల కిలో ఎనిమిది డాలర్లు పలికింది. వీడికి ఇరవై ఆరేళ్లు. పిల్లాడే."

నోరీన్ మనసులో హెచ్చవేసింది. ఎనభై ఎనిమిది. అరవై దాటింది. కంచె అవతల మెర్విన్ కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని అదే చోటికి వచ్చినట్టున్నాడు, టోపీ తీసేశాడు.

"వయసు మనం చెప్పేది కాదు, పళ్ళు చెబుతాయి," అన్నాడు పెంబర్టన్. బోను ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి బ్రోడీ గడ్డం పట్టుకున్నాడు. "తెరువు."

బ్రోడీ నోరు తెరిచాడు. పెంబర్టన్ బొటనవేలితో పై పెదవి ఎత్తి చూశాడు. ముందు పళ్ళు నాలుగు లేవు. ఒకటి జూన్‌లో, మూడు ఆగస్టులో, రెండుసార్లూ వైరాబంగ్‌తో ఆడినప్పుడే పోయాయి.

"పళ్ళు రాలిపోయాయి," అన్నాడు పెంబర్టన్. "ముసలి గొర్రె. ఏ సంతకి తీసుకెళ్ళినా ఇంతే. కిలో మూడు డాలర్లు."

"ఆ పళ్ళు మావాళ్ళు రాలగొట్టినవి!" అంది బెరిల్.

"ఎవరు రాలగొట్టారని సంతలో అడగరమ్మా."

ముప్ఫై మూడు డాలర్లు. కంచె అవతల ఒక్కసారిగా అరుపులు. ఎవరో కారు హారన్ మోగించారు. మెర్విన్ టోపీ పైకెగరేసి, కంచె దాటబోయి, దాని మీదే కాసేపు ఇరుక్కున్నాడు. బ్రోడీ బోనులోంచి, "నేను బయటికి రావచ్చా?" అని రెండుసార్లు అడిగాడు.

పెంబర్టన్ వంటింటి బల్ల మీద కాయితం పరిచాడు. నోరీన్ చేసిన గుమ్మడికాయ సూపు ఒక గిన్నె తాగి, రెండో గిన్నె అడిగి, ఆ తర్వాత కలం తీసి రాశాడు. ఇరవై రెండు వారాల తిండి, పడక, ఉతుకుడు, ఇస్త్రీ, మొత్తం విలువ ముప్ఫై మూడు డాలర్లు. కింద ఒక గీత. "ఇక్కడ మీ సంతకం, అమ్మా. 'నాకు సమ్మతమే' అని."

నోరీన్ చేతులు అప్రాన్‌కి తుడుచుకుని కూర్చుంది. కలం తీసుకుంది. కాయితం చదివింది. మళ్ళీ చదివింది.

"పడక ఎక్కడ వేశారు ఇందులో?"

"కొట్టం మేతలోనే కలిసిపోతుంది. ఆనవాయితీ."

"ఉతుకుడు?"

"గొర్రెల్ని ఎవరూ ఉతకరు కదా."

ఆమె కలం కింద పెట్టింది.

"ఏమైంది?" అన్నాడు మెర్విన్. "నోరీన్, సంతకం పెట్టు."

"పెట్టను."

పొయ్యి మీద సూపు గిన్నె గుడగుడలాడింది.

"మనం గెలిచాం కదా," అన్నాడు మెర్విన్, అర్థం కాని పిల్లాడికి చెప్పినట్టు. "ముప్ఫై మూడు. అరవై లోపు. రేపు సాయంత్రం ఐదింటికి జట్టు జాబితా ఇవ్వాలి. ఇరవై ఏడేళ్లు, నోరీన్!"

"నాకు తెలుసు ఎన్నేళ్లో. ఆ ఏడాది ఫైనల్‌కి మూడొందల శాండ్‌విచ్‌లు చేసింది ఎవరనుకున్నావ్? నీ ఉత్తరాలన్నీ ఫైలు చేశాను, మెర్విన్. నా వంట తింటే గొర్రె మీద జాలేస్తుందని వాలీ రాస్తే దానికి రంధ్రాలు చేసి పెట్టాను. డెస్ రాసినవీ పెట్టాను. అవి మీ మాటలు, మీ సంతకాలు. ఇది నా సంతకం. ఇరవై రెండు వారాలు నేను చేసింది ముప్ఫై మూడు డాలర్లని నా చేత్తో నేను రాయను."

"పెట్టకపోతే విలువ తేలనట్టు," అంది బెరిల్, మెల్లగా, కళ్లలో వెలుగుతో. "తేలకపోతే ఆ కుర్రాడు ఆడడు."

డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు. "నోరీన్, రాసింది వెనక్కి తీసుకుంటాను. గ్రేవీ మీద తెట్టు ఎప్పుడో ఒకసారే..."

"నువ్వు మాట్లాడకు, డెస్." ఆమె పెంబర్టన్ వైపు తిరిగింది. ఆమె గొంతు కమిటీలో ఉత్తరాలు చదివి వినిపించేటప్పుడు ఉండేంత మామూలుగా ఉంది. "ఒక సంగతి చెప్పండి. ఒకడు డబ్బిచ్చి తింటే అది కూడా ఈ గీత లోపలికి వస్తుందా?"

పెంబర్టన్ రెండో గిన్నె అడుగు గీకుతూ ఆలోచించాడు. "రాదు. డబ్బిచ్చి తింటే అది ఇచ్చుకోవడం కాదు, కొనుక్కోవడం. క్లబ్బుకి సంబంధం లేదు. కానీ ఊళ్ళో నడిచే ధర ఇవ్వాలి. ఒక్క డాలరు తగ్గినా ఆ డాలరు మళ్ళీ ఇచ్చినట్టే. జాబితా వెళ్ళేలోపు చేతిలో నగదుగా, రసీదుతో."

"ఊళ్ళో పబ్బులో గది, మూడు పూటల తిండి, బట్టలు ఉతికితే వారానికి రెండొందల యాభై. బోర్డు మీద రాసుంటుంది." ఆమె బ్రోడీ వంక చూసింది. "ఐదువేల ఐదొందలు, బ్రోడీ."

బ్రోడీ కింది పెదవి వేలాడింది. "నేను... మిసెస్ టక్‌వెల్, మీరెప్పుడూ అడగలేదు."

"లేదు. అది నా తప్పే."

"నా దగ్గర రెండొందల పన్నెండు ఉన్నాయి."

అప్పుడు వంటిల్లు కోడి గంపలా అయింది. మెర్విన్ చెక్కు పుస్తకం తీశాడు. పెంబర్టన్ వేలు ఊపాడు: అధ్యక్షుడు ఇస్తే క్లబ్బు ఇచ్చినట్టే. వాలీ టోపీ తిప్పి చందా పోగుచెయ్యబోయాడు. అదీ అంతే. సగం ధరకి సరిపెట్టుకోమని డెస్మండ్ నోరీన్ చెవిలో అన్నాడు. మిగతా సగం ఇచ్చుకున్నట్టే అని పెంబర్టన్ దూరంనుంచే చెప్పాడు. అతని చెవులు సంతలో తయారైనవి.

"నా బండి ఉంది," అన్నాడు బ్రోడీ చివరికి. బయట వెనక తొట్టి ఉన్న ఎర్ర బండి ఎండలో మెరుస్తోంది. మ్యాచుల డబ్బంతా దానిలోకే వెళ్ళింది. వారానికోసారి దాన్ని తడిగుడ్డతో తుడిచేవాడు. తన బూట్లు మాత్రం నోరీన్ తుడిచేది.

"నేను కొంటా!" అన్నారు ముగ్గురు ఒకేసారి.

"క్లబ్బుకి చెందనివాళ్ళు కొనాలి," అన్నాడు పెంబర్టన్.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గరిండల్లో క్లబ్బుకి చెందనివాళ్ళు ఎవరు? పాస్టరు గోల్ అంపైరు. గ్లెనిస్ టికెట్లు చింపుతుంది. క్లబ్బు జెండా మోసేది రెజ్. ఊరి చివర ఒంటరిగా ఉండే గిల్‌హూలీ ఆట అంటేనే అసహ్యించుకుంటాడు గానీ, మైదానంలో గడ్డి కోసేది అతనే. ఒకరొకరుగా అందరి కళ్ళూ కిటికీ దగ్గర నిలబడ్డ బెరిల్ మీదికి తిరిగాయి. గరిండల్‌కి మేలు చేసిందని ఈ భూమ్మీద ఎవరూ అనలేని మనిషి ఆమె ఒక్కతే.

"నా వంక చూడకండి," అంది బెరిల్. కానీ ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆమె చిన్న కొడుకు అచ్చం అలాంటి బండి కోసమే ఏడాదినుంచి వాళ్ళ ప్రాణం తీస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆమె తిరిగొచ్చింది. బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. కింద వంగి చూసింది. పెంబర్టన్ని మధ్యవర్తిగా పిలిచారు. అతను టైరు గాడిలో వేలు పెట్టి, "వీటికి పళ్ళున్నాయి," అన్నాడు మెప్పుగా. "తొమ్మిది వేలు చేస్తుంది."

"నాలుగు," అంది బెరిల్.

"ఐదువేల మూడొందలు," అన్నాడు బ్రోడీ. అతనికి బేరం రాదు. మిగతా రెండొందలు అతని దగ్గర ఉన్నాయి.

"నాలుగున్నర. బ్యాటరీ ఎలా ఉందో ఎవరు చూశారు?"

"ఐదువేల మూడొందలు."

కంచె అవతల ఊరంతా మళ్ళీ చేరింది. మెర్విన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మాట జారకుండా అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే. బెరిల్ మొహంలో రెండు కోరికలు కొట్టుకుంటుండటం నోరీన్‌కి స్పష్టంగా కనబడింది. వైరాబంగ్ ఫైనల్ గెలవాలి. తొమ్మిదివేల బండి ఐదువేల మూడొందలకి పోతోంది. బెరిల్ అవతలికి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది. "నాకు తెలుసు... నాకు తెలుసు, ఆడతాడు... ఆడనీ! వాడిని అడ్డుకోవడానికి మనవాడు లేడా? ఈ రేటుకి మళ్ళీ దొరుకుతుందా చెప్పు?" అంటున్న మాటలు గాలికి వినబడ్డాయి.

నాలుగున్నరకి వంటింటి బల్ల మీద బ్రోడీ నోట్లు లెక్కపెట్టాడు. పెద్ద వేళ్ళు, నెమ్మదిగా, పెదవులు కదుపుతూ. ఐదువేల ఐదొందలు. నోరీన్ మళ్ళీ లెక్కపెట్టింది, రసీదు రాసింది. ఇరవై రెండు వారాల తిండి, పడక, ఉతుకుడు, ఇస్త్రీ. ఈసారి ఒక్కో మాటా విడివిడిగా రాసింది. పెంబర్టన్ ముద్ర వేశాడు. నాలుగు యాభై రెండుకి జట్టు జాబితా లీగుకి వెళ్ళింది, ఐదు పాయింట్ల బ్రోడీ స్ట్రూడ్‌తో సహా.

పెంబర్టన్ లేస్తుంటే నోరీన్ అతని ముందు చిన్న చీటీ పెట్టింది. సూపు నాలుగు గిన్నెలు, టీ ఐదు, గొర్రె వేపుడు ఒకటి. అధికారులు ఎవరినుంచీ ఏమీ పుచ్చుకోకూడదని నిబంధనల పుస్తకం పదకొండో పేజీలో ఉంది. పెంబర్టన్ చీటీ చూశాడు, ఆమెని చూశాడు, నలభై ఏళ్లలో మొదటిసారి బేరం ఆడకుండా జేబులో చెయ్యి పెట్టాడు.

అందరూ వెళ్ళాక మెర్విన్ ఉండిపోయాడు. టోపీ చేతిలో తిప్పుకుంటూ నోట్ల కట్ట వంక చూశాడు.

"పెద్ద మొత్తమే, నోరీన్. క్లబ్బు పైకప్పు కారుతోంది, తెలుసు కదా. నువ్వెలాగూ... అంటే, నీకెలాగూ డబ్బు కోసం కాదు కదా చేసింది. విరాళంగా..."

"విలువ లేని తిండి మీద వచ్చిన డబ్బు, మెర్విన్," అంది ఆమె, కట్టకి రబ్బరు బ్యాండు చుడుతూ. "దాంతో కప్పు వేస్తే నిలుస్తుందా?"

ఆ రాత్రి భోజనానికి ఆమె ఎప్పటిలా ముగ్గురికీ పళ్ళేలు పెట్టింది. బ్రోడీ కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. అతనిలో ఏదో మారింది. కాసేపు ఫోర్కుతో అటూ ఇటూ నెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మిసెస్ టక్‌వెల్, పబ్బులో రెండొందల యాభై ఇచ్చేవాళ్ళకి రెండు రకాలు పెడతారు. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు."

"ఇక్కడా రెండున్నాయి," అంది నోరీన్. "తినడం, తినకపోవడం."

బ్రోడీ ఆలోచించి మొదటిది ఎంచుకున్నాడు. డెస్మండ్ గ్రేవీ మొత్తం, తెట్టుతో సహా, బ్రెడ్డు ముక్కతో తుడిచి తిని, ఇంకా ఉందా అని అడిగాడు. నోరీన్ కాసేపు అతన్ని అలాగే కూర్చోబెట్టి, తర్వాత వడ్డించింది.

శనివారం పొద్దున బ్రోడీ బ్యాగు భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. బండి లేదు. మైదానం ఐదు కిలోమీటర్లు. డెస్మండ్ కారు స్టార్టు చేసి, "ఎక్కరా, దింపుతాను," అన్నాడు.

బ్రోడీ ఎక్కబోయి ఆగాడు. నోరీన్ ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"పెట్రోలు. రెండు డాలర్లు. బెరిల్ ఎక్కడ నిలబడి చూస్తుందో ఎవరికి తెలుసు?"

బ్రోడీ సాక్సులోంచి నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కారు వాకిలి దాటింది. గోధుమ చేల మధ్య రోడ్డు మీద, మైదానం వైపు పోతున్న కార్లన్నీ జెండాలు ఊపుతూ హారన్లు మోగిస్తున్నాయి. సగం దూరం వెళ్ళాక బ్రోడీ ముందుకు వంగాడు.

"మిసెస్ టక్‌వెల్."

"ఏంటి?"

"రసీదు."

నోరీన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. గుంతల్లో కారు ఎగిరెగిరి పడుతుంటే, అక్షరం చెదరకుండా రాయడం మొదలుపెట్టింది.